నల్లపాడులో మంచు పడవలసిన వారం

1962 జనవరి ఆఖరి వారంలో గుంటూరు చుట్టుపక్కల బుద్ధిమంతులందరూ ప్రళయం కోసం ఎదురుచూస్తున్నారు. అష్టగ్రహ కూటమి దగ్గరపడింది. వీధికో హోమం జరుగుతోంది, కొట్లో నెయ్యి దొరకడం లేదు. నల్లపాడులో మా ఇంట్లో మాత్రం ముగ్గురు పెద్దమనుషులు మంచు కోసం ఎదురుచూశారు. తెల్లారి గడ్డి మీద కనిపించే మంచు అయితే నేనూ ఏమీ అనకపోదును. వాళ్లు చూస్తున్నది ఆకాశం నుంచి దూదిలా రాలే మంచు. ఏప్రిల్ వచ్చిందంటే చెప్పులు లేకుండా పెరట్లోకి వెళ్లలేని ఊళ్లో.

ఆ ముగ్గురిలో మొదటివారు మావారు, అనంతపద్మనాభం గారు. హైస్కూల్లో సైన్సు మేష్టారు. ఉబ్బసం ముదిరి, దసరా సెలవుల తరవాత ఇక బడికి వెళ్లలేదు. పెరట్లో నాలుగు కాళ్ల చెక్కపెట్టె ఒకటి, సున్నం కొట్టించి, గాలి ఆడేలా పక్కలకి సందులు పెట్టించి, నిలబెట్టించారు. కొత్తవాళ్లు దాన్ని పావురాల గూడు అనుకునేవారు. లోపల ఒక థర్మామీటరు ఉండేది. ఏదో కాలేజీ లేబరేటరీలో పాత సామాను అమ్మినప్పుడు తెచ్చుకున్నారు. రాత్రి ఎంత చలిపడిందో తెల్లారేసరికి చూపిస్తుంది. దేశమంతా సెంటీగ్రేడుకి మారినా ఆయన ఫారన్‌హీటులోనే ఉండిపోయారు.

1944 నుంచి రోజూ ఉదయం ఆరున్నరకి ఆ అంకె నోటుపుస్తకంలో ఎక్కేది. అలాంటి పుస్తకాలు తొమ్మిది. ఆయనకి ఒకటే నియమం: కంటితో చూసిన అంకే రాయాలి, చూడని రోజు గడి ఖాళీగా వదిలెయ్యాలి. పద్దెనిమిదేళ్లలో ఖాళీ గళ్లు పదకొండు. నాకు కాన్పు కష్టమై బిడ్డ దక్కని రెండు రోజులు వాటిలో ఉన్నాయి. మా ఇంట్లో ఆ బిడ్డ ఆనవాలు ఆ రెండు గళ్లే.

"ఇందులో ఒక్క అబద్ధం లేదు ప్రసూనా. నేను పోయాక నా పేరు చెప్పుకోడానికి ఇదొక్కటే ఉంటుంది," అనేవారు. ఆయన అన్నదాంట్లో అతిశయోక్తి లేదు. మాకు పిల్లలు లేరు, పొలాలు లేవు, ఇల్లు అద్దెది.

డిసెంబరులో డాక్టరుగారు తెల్లవారుజాము గాలి తగలకూడదన్నారు. నన్ను పక్కకి పిలిచి, వేసవి దాకా కూడా ఆశ పెట్టుకోవద్దన్నారు. ఆ మాట నేను లోపలే దాచుకున్నాను. థర్మామీటరు చూసే పని నాకు వచ్చింది. "నీ కన్ను నా కన్నే," అన్నారు మావారు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నాకిచ్చిన కితాబు అదొక్కటే. బంగారు గాజులు చేయించినా నాకంత భయం వేసేది కాదు.

జనవరిలో ఆయన గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. తిండి మానేశారు. అరవై రెండు అన్నా, అరవై మూడు అన్నా, రాసి మళ్లీ గోడవైపు తిరిగేవారు. ఇరవై రెండో తేదీన చలి నిజంగానే పెరిగింది. యాభై ఎనిమిది ఉంది. లోపలికి వచ్చేలోగా నాకేం తోచిందో, "యాభై ఆరు," అన్నాను.

ఆయన ఇటు తిరిగారు. "మళ్లీ చెప్పు."

"యాభై ఆరు."

దిండు ఆనించి కూర్చోబెట్టమన్నారు. పాత పుస్తకాలన్నీ తెమ్మన్నారు. పద్దెనిమిదేళ్లలో యాభై ఆరు ఎప్పుడూ లేదట. కాఫీ తాగారు, ఒక ఇడ్లీ తిన్నారు.

మర్నాడు యాభై ఏడు ఉంటే యాభై రెండన్నాను. రెండు ఇడ్లీలు తిన్నారు. ఆ మరునాడు నలభై తొమ్మిది. అప్పటికి నాకు లెక్క అర్థమైంది, ఆయన ఆకలి థర్మామీటరుకి ఎదురు తిరిగి నడుస్తోంది. నలభై ఆరు దగ్గర ఉప్మా అడిగారు, అందులో జీడిపప్పు లేదని తప్పుపట్టారు కూడా. నేను వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను. పెళ్లాం అన్నాక ఆ మాత్రం అబద్ధం ఆడకపోతే కాపురాలు ఏం నిలుస్తాయి అనుకున్నాను. ఆ అంకె ఆయన పుస్తకంలోకి వెళుతోందన్న సంగతి మాత్రం నాకు రాత్రిళ్లు తప్ప గుర్తొచ్చేది కాదు.

కబురు ఆయన స్నేహితులిద్దరికీ వెళ్లింది. హుస్సేన్ సాహెబ్ గారు రిటైరైన రైల్వే గార్డు, స్టేషనుకి ఇవతల ఉంటారు. ఉద్యోగంలో రెండేళ్లు సిమ్లా కొండ రైలు మీద పనిచేసి వచ్చారు. మా ముగ్గురు శాస్త్రజ్ఞుల్లో మంచుని చూసిన మనిషి ఆయనొక్కరే. రెండోవాడు భావనారాయణ, మంగళగిరి నేతగాడు. ఆరో తరగతితో చదువు ఆపినా మావారు వదలని శిష్యుడు. నేతవాళ్లు తెల్లారుతూనే వీధి పొడుగునా పడుగు నూలు చాపి గంజి పెడతారు. అది ఆరే తీరునిబట్టి గాలిలో చెమ్మ ఎంతుందో భావనారాయణ వేలితో ముట్టుకుని చెప్పగలడు. పాసింజరు బండిలో దిగి, పడుగులు ఆరడం లేదు మాస్టారూ, సముద్రం వైపు నుంచి చెమ్మ ఎక్కుతోంది అని చెప్పాడు.

చలి ఉంది, చెమ్మ ఉంది, మబ్బు పడుతోంది. ముప్పై ఐదుకి దిగితే మంచు పడడానికి అడ్డేమీ లేదని మావారు కాగితం మీద తేల్చారు. లెక్కలో తప్పు లేదు, నేనిచ్చిన అంకెలోనే ఉంది. మంచుని ఎలా పట్టాలో హుస్సేన్ సాహెబ్ గారు చెప్పారు: నల్లగుడ్డ పరిస్తే రేకులు విడివిడిగా కనబడతాయట. భావనారాయణ రెండు గజాల నల్లగుడ్డ నేసి తెచ్చాడు. మావారు దాన్ని పక్కమీదే పెట్టుకుని, మధ్యమధ్య చేత్తో నిమిరేవారు. పడితే ఆ రోజు గడిలో ఎర్రసిరాతో రాయాలని సిరాబుడ్డి కూడా కొనిపించారు.

నలభై ఒకటి అన్నరోజు హుస్సేన్ సాహెబ్ గారు వెళుతూ వెళుతూ పెరట్లో ఆగారు. ఒంటిమీద ఉన్నది పల్చటి లాల్చీ. చెయ్యి చాచి గాలిని తడిమినట్టు చూసి, "చెల్లెమ్మా, సిమ్లాలో నలభై ఒకటికి మా వేళ్లు వంగేవి కావు," అన్నారు.

నేను తీగ మీది బట్టలు తీసి మడతపెట్టాను.

"పెద్దతనం కదా, నాకు తెలియడం లేదు కాబోలు," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆయనకి తెలుసని నాకు తెలిసింది. అబద్ధంలో ఇద్దరమయ్యామని నాకు కొంచెం ధైర్యం కూడా వచ్చింది.

మా పెరటి వెనకే బుల్లయ్య మిరపకల్లం. మొదటి కోత కాయలు సగం ఎండి, ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. మావారు మంచు పడుతుందన్నారని విని, కాయలన్నీ గుట్టపోసి, తాటాకులు, ఆపైన టార్పాలిను కప్పి, తాళ్లు బిగించాడు. మూడోరోజు విప్పి చూస్తే సగం తాలు. తెల్లబోయి, మెత్తబడి, బూజు పట్టిన కాయలు. అతను మా గోడ దగ్గరకి వచ్చి నిలబడ్డాడు. తిడతాడేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండేది.

"గుట్టలో చెయ్యి పెడితే కాలిందమ్మా. చలి ఎక్కడుందమ్మా మన ఊళ్లో?" అన్నాడు. ఇంకా నెమ్మదిగా, "పోనీలెండి, పంతులుగారు మన మంచికే చెప్పారు," అని వెళ్లాడు.

ఆ పూటే నిజం చెప్పెయ్యాలనుకున్నాను. లోపలికి వెళితే ఆయన అన్నం పెట్టమన్నారు. పెట్టాను.

ముప్పయ్యో తేదీ ఉదయం యాభై ఏడు ఉంది. ఆకాశం నిండా మబ్బు. ఇక ఆగడానికి చోటు లేదు. ముప్పై ఐదు అన్నాను.

ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. రెండు దుప్పట్లు, మఫ్లరు, నా శాలువా చుట్టుకుని వసారాలో పడకకుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా పెరట్లో నులకమంచం మీద నల్లగుడ్డ పరిచారు. ముందు రాత్రే వచ్చి పడుకున్న భావనారాయణ ఒక పక్క, హుస్సేన్ సాహెబ్ గారు ఒక పక్క. ఎనిమిదిన్నరకి గాలి మళ్లింది. నల్లగుడ్డ మీద తెల్లగా ఒకటి వాలింది. ఇంకొకటి. మూడు నాలుగు కలిసి తేలుతూ వచ్చి వాలాయి.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. ఆ మనిషి తనంతట తను లేవడం నేను నెలన్నర తరవాత చూశాను.

భావనారాయణ మంచం దగ్గరకి వెళ్లి, ఒకదాన్ని రెండు వేళ్ల మధ్యకి తీసుకున్నాడు. నేతగాడు, కళ్లకి గంతలు కట్టినా ఆ పోగు పోల్చుకుంటాడు. అటువైపే తిరిగి నిలబడిపోయాడు.

"కరిగిందా భావనారాయణా?" అన్నారు మావారు.

అతను దాన్ని ఇంకోసారి వేళ్లతో సాగదీశాడు.

"కరగదు మాస్టారూ. పత్తి."

స్టేషను అవతల పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లు అప్పుడే మొదలైంది. గాలి ఇటు తిరిగిన ప్రతి రోజూ మా పెరట్లో బట్టల మీదా, తులసికోట మీదా పడే నూగే అది. పద్దెనిమిదేళ్లుగా నేను దులుపుతూనే ఉన్నాను. ఆ పూట మా నలుగురిలో ఒక్కరికీ గుర్తురాలేదు.

ఆయన్ని మోసుకొచ్చి పడుకోబెట్టాం. సాయంత్రానికి జ్వరం, ఆయాసం. గోళ్లు నీలంగా మారాయి. డాక్టరుగారు ఇంజెక్షను ఇచ్చి, నా మొహం చూడకుండా సైకిలెక్కారు.

మర్నాడు మాట పెగిలింది. మంచు పడలేదని ఏడుస్తారేమో అనుకున్నాను. ఆయన అంతకంటే ముందుకి వెళ్లిపోయారు. రాత్రంతా ఆలోచించారట. గాలిలో అంత చెమ్మ, ముప్పై ఐదు డిగ్రీలు, అయినా గడ్డి చివర తెల్లబడనైనా లేదు. ప్రకృతి తప్పు చెయ్యదు. కాబట్టి థర్మామీటరు తప్పు. అది చెడిపోయి ఉంది, ఎప్పటినుంచో తెలియదు.

"మొదటినుంచీ కావచ్చు. ఆరువేల పైచిలుకు అంకెలు ప్రసూనా. ఒక్కటీ నిజం కాదు. ఖాళీ గళ్లు తప్ప," అన్నారు.

పుస్తకాలు కట్టగట్టి కొట్లో ఇచ్చెయ్యమన్నారు, పొట్లాలకి పనికొస్తాయని.

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. యాభై ఎనిమిదిని యాభై ఆరన్న దగ్గరనుంచి, తొమ్మిది రోజుల సంగతీ. అసలు అంకెలు కూడా గుర్తున్నంతమటుకు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. తరవాత నా తలమీద చెయ్యి పెట్టారు.

"నాకోసం ఇంత కథ అల్లావా?"

"కథ కాదండీ. ఒట్టు."

"నీకు అబద్ధం చెప్పడం ఎప్పుడూ చేతకాలేదే," అన్నారు, మెచ్చుకుంటున్నట్టుగా.

హుస్సేన్ సాహెబ్ గారిని పిలిపించాను. ఆయన కూడా చెప్పారు, ఆ చలి నలభై ఒకటి కాదనీ, తనకి ఆ రోజే తెలుసుననీ. మావారు ఆయన్ని చూసి నవ్వారు. "మీరు కూడానా సాహెబ్ గారూ? చెల్లెలు నేర్పిందా?" అన్నారు.

ఇక ఒక్కటే దారి ఉంది. ఐసుముక్కలు కరుగుతున్న నీళ్లలో పెడితే మంచి థర్మామీటరు ముప్పై రెండు చూపించి తీరాలి. ఎనిమిదో తరగతి పిల్లలకి ఆయన చెప్పే పాఠమే అది. హుస్సేన్ సాహెబ్ గారు రిక్షా కట్టించుకుని గుంటూరు ఐసు ఫ్యాక్టరీకి వెళ్లారు. సగం ఊరు హోమాల దగ్గరే ఉందట, రిక్షా దొరకడానికే గంట పట్టిందట. మిట్టమధ్యాహ్నం రంపపు పొట్టులో చుట్టిన ఐసుతో దిగారు. నేను దాన్ని రోకలితో చితక్కొట్టి, ఇత్తడి చెంబులో వేసి, నీళ్లు పోసి, థర్మామీటరు దించాను.

ఆయన్ని దిండ్లమీదకి ఎత్తి కూర్చోబెట్టాం. కళ్లద్దాలు పెట్టాను. సాహెబ్ గారు చెంబు ఆయన మొహం ముందుకి పట్టుకున్నారు. ఆయన చాలాసేపు చూశారు. చూపు నిలవడం లేదు. గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయన్నారు. కళ్లద్దాలు తుడిచి మళ్లీ పెట్టాను. అయినా లాభం లేదు. తల వెనక్కి వాల్చేశారు.

"నువ్వే చదువు," అన్నారు.

నేను వంగి చూశాను. నా కళ్లు బాగున్నాయి. ఎర్రటి పోగు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ లేకుండా గీతమీద నిలబడి ఉంది.

"ముప్పై రెండు," అన్నాను.

"అలాగే," అన్నారు.

"ముప్పై రెండే పద్మనాభం గారూ, నేనూ చూస్తున్నాను," అన్నారు సాహెబ్ గారు.

"అలాగేనండీ."

ఐసు ఉన్నంతసేపూ ఆ అంకె కదలదు. బి.ఏ. చదివినదాన్ని, ఆ మాత్రం నాకూ తెలుసు. మళ్లీ చదివాను. మళ్లీ చదివాను. ముక్కలు చిన్నవైపోతున్నాయి, చెంబు బయట నీళ్లు పట్టి ఆయన దుప్పటి మీద బొట్లు పడుతున్నాయి. ఆయన కళ్లు మూసుకుని, పసిపిల్లల కథకి పెద్దవాళ్లు ఊకొట్టినట్టు, నేను ముప్పై రెండు అన్నప్పుడల్లా ఊఁ అంటున్నారు.