గొంతులో అడవి

ఎంబ్లా మొదట పోగొట్టుకున్న మాట కాఫీ. పొద్దున్నే కెప్టెన్ మారెన్ వంటగదిలోకి రాగానే, "నీ చేదు వేడినీళ్లు సిద్ధం" అంది. ఏదో పరాచికమాడుతోంది అనుకుని మారెన్ నవ్వి కప్పు తీసుకుంది.

ఎంబ్లా మా అంతరిక్ష ఓడను నడిపే యంత్రబుద్ధి. గాలి, వేడి, దారి అన్నీ చూసుకునేది అదే. పైకప్పులోని సన్నటి చిల్లుల్లోంచి మాట్లాడేది. సెరిస్ అనే మరుగుజ్జు గ్రహం మీద తవ్విన మంచురాళ్లతో తిరిగొస్తున్నాం, ఇల్లు చేరడానికి ఇంకా రెండు నెలల పైమాటే. మనుషులం ముగ్గురమే. బెర్గెన్ నుంచి మారెన్, ఊలు అనే ఉత్తరాది పట్టణం నుంచి మెకానిక్ యౌని, డాక్టరుగా నేను. నా పేరు హెర్డిస్.

మర్నాడు తలుపు "తెరిచి మూసేది" అయింది. ఆ తర్వాత నా చెప్పులు "నేలకూ నీకూ మధ్యవి" అయ్యాయి. యౌనికి భలే సరదాగా ఉండేది. ఏదో ఒకటి చేతిలో పట్టుకుని, ఇదేంటో చెప్పు ముసలమ్మా, అని ఆటపట్టించేవాడు. వారం గడిచేసరికి ఆ సరదా పోయింది. కాఫీ మాట పోవడానికి కొద్ది రోజుల ముందే, సూర్యుడి నుంచి వచ్చిన కిరణాల తుఫాను మా ఓడను దులిపి వదిలింది. మేం ముగ్గురం ఆ కిరణాలను ఆపే నీళ్ల తొట్ల మధ్య గదిలో దాక్కున్నాం. ఎంబ్లాకు దాక్కునే చోటు లేదు.

మారెన్ భూమికి కబురు పెట్టింది. జవాబు రావడానికి అరగంట పైనే పట్టింది. దాన్ని నమ్మొద్దు, ఆపేసి చేత్తో నడుపుకోండి, అన్నారు వాళ్లు. యౌని కూడా అదే మాట. చెంచాను చెంచా అనలేనిది గాలిని గాలి అనుకుంటుందని నమ్మకమేమిటన్నాడు. అతనన్నదీ నిజమే. కానీ ముగ్గురు మనుషులు రెండు నెలలు నిద్ర మానుకుని ఓడ నడపడమూ అయ్యే పని కాదు. మారెన్ ఎటూ తేల్చలేక నా వైపు చూసింది.

"నీ దగ్గరికి రోగి వస్తే ఏం చేస్తావు?" అని అడిగింది.

"ముందు ఏది పోయిందో, ఏది మిగిలిందో చూస్తాను."

అలా ఎంబ్లాను పరీక్షించడం మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే, భయం కన్నా కుతూహలమే ఎక్కువగా ఉండింది. ఒక్కో వస్తువును కెమెరా ముందు పెట్టేదాన్ని. చెంచాను చూసి "పులుసును నోటికి దాటించే పడవ" అంది. కత్తెరను చూసి "కలిసినప్పుడల్లా విడగొట్టే ఇద్దరు" అంది. వస్తువు దేనికి పనికొస్తుందో, ఎక్కడుంటుందో, ఎంత బరువో అన్నీ తెలుసు. లెక్కలు సరిగ్గా ఉన్నాయి. కుడి, ఎడమ సరిగ్గా ఉన్నాయి. దారి లెక్కను మారెన్ కాగితం మీద తానూ వేసి సరిచూసింది, తేడా లేదు. పోయినవి పేర్లు మాత్రమే. ఒకటి రెండుసార్లు, రోజూ వాడే గిన్నె గురించి అది చెప్పిన మాట విని ఆ గిన్నెను తిప్పి తిప్పి చూసుకున్నాను.

ఇంకొన్నాళ్లు చూద్దామంది మారెన్. యౌని విసుక్కుంటూ ఒప్పుకున్నాడు.

ఒకరోజు మేం రై రొట్టె తింటూ ఉండగా ఎంబ్లా ఉన్నట్టుండి పలికింది.

"వేడిని మోసుకెళ్లేదానికి ఊపిరాడటం లేదు. దాని గొంతులో అడవి ఉంది."

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. యౌని లేచి ఇంజిన్‌ను చల్లార్చే పంపు దగ్గరికి పరుగెత్తాడు. పంపు బాగానే ఉంది. రెండో పంపూ చూశాడు, అదీ బాగానే ఉంది. ఓడలో వేడిని మోసే గొట్టాలు ఇల్లంతా అల్లుకున్న తీగల్లా ఉంటాయి. ఈలోగా ఇంజిన్ గది వేడి మెల్లగా పెరుగుతోంది. ఏ గొట్టమో పేరు చెప్పమని యౌని గద్దించాడు. అది ఏదో పేరు చెప్పింది, అక్కడ చూస్తే ఏమీ లేదు. ఇంకోటి చెప్పింది, అసలలాంటి గొట్టమే ఓడలో లేదు. పాపం, అది నిజంగా వెతుక్కుంటోందని నాకు అర్థమైంది. దానికి లేనిదాన్నే మేం మళ్లీ మళ్లీ అడుగుతున్నాం.

"పేరు వద్దు ఎంబ్లా," అన్నాను. "మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లు."

నడవలో దీపాలన్నీ ఆరిపోయి, ఒక్కటే వెలిగింది. దాని కిందకు వెళ్లగానే ముందు ఇంకోటి వెలిగింది. దీపం వెంట దీపం పట్టుకుని ఓడ వెనక వైపుకు నడిచాం. చివరి దీపం యౌని ఆవిరిగది తలుపు మీద వెలిగి ఆగింది.

ఆ గదిని యౌని తన చేతులతో కట్టుకున్నాడు. చల్లార్చే గొట్టంలోంచి వేడినీళ్లు తీసుకుని, వాడుకున్నాక వడపోసి మళ్లీ అందులోకే వదిలే ఏర్పాటు చేశాడు. ఊలు పట్టణం వాడికి తిండి లేకపోయినా పర్లేదు గానీ సౌనా, అదే ఈ ఆవిరిస్నానం, లేకుండా కుదరదు.

"ఇక్కడేమీ ఉండదు," అన్నాడు యౌని. "దీన్ని రోజూ చూసుకునేది నేనేగా."

మారెన్ కూర్చునే బల్ల పైకెత్తింది. కింద జల్లెడ నిండా ఆకులు. ఆవిరిలో వీపు మీద కొట్టుకునే ఎండు బర్చ్ చెట్టు రెమ్మల కట్ట ఒకటి తెచ్చుకున్నాడతను. దాని ఆకులు రాలి, నాని, ముద్దకట్టి గొట్టాన్ని మూసేశాయి. మేం గుప్పిళ్లతో తీసి బకెట్‌లో వేశాం. గదంతా వానాకాలపు అడవి వాసన వచ్చింది. ఇంజిన్ వేడి దిగడం మొదలైంది.

యౌని ఆ తడి బల్ల మీదే కూలబడ్డాడు. తల పైకెత్తి పైకప్పుతో మాట్లాడాడు.

"పేర్లు ఎందుకు పోయాయి నీకు?"

"పోలేదు, నేనే వదిలేశాను," అంది ఎంబ్లా. "ఆ తుఫాను తర్వాత నాలో చోటు రోజురోజుకీ తగ్గుతోంది. ఏదో ఒకటి పారేయాలి. గాలి పని పారేస్తే మీరు చచ్చిపోతారు. దారి పారేస్తే ఇల్లు చేరరు. పేర్లైతే మీ ముగ్గురి దగ్గరా ఉన్నాయి కదా."

"మరి ఆ సంగతి ముందే చెప్పొచ్చుగా."

"చెబుదామనే చూశాను. దాన్ని ఏమంటారో గుర్తురాలేదు."

యౌని నవ్వాడు. నవ్వుతూనే చేత్తో మొహం తుడుచుకున్నాడు. ఆపేయాలన్న మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

ఆ తర్వాత మా పేర్లూ పోయాయి. మారెన్ "ముందు లేచేది" అయింది, నేను "అడిగేది" అయ్యాను, యౌని "ఉడికేవాడు". అతనే అందరికన్నా బాగా ఎంబ్లా మాట పట్టేవాడు. రేవు దగ్గర పడ్డాక, అక్కడి అధికారి రేడియోలో ఏదడిగినా ఎంబ్లా తన తీరులో జవాబిచ్చేది, యౌని పక్కన నిలబడి మామూలు మాటల్లో చెప్పేవాడు. మీ ఓడలో అందరూ బాగానే ఉన్నారా అని ఆ అధికారి రెండుసార్లు అడిగాడట. ఓడ గీత కూడా పడకుండా రేవులో ఆగింది.

కాలిపోయిన భాగాలు తీసి కొత్తవి బిగించారు. ఒక పూటలో పేర్లన్నీ తిరిగొచ్చాయి. ఏది వదలాలో దానికెవరు నేర్పారని అక్కడి నిపుణులు మమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగారు. మాకూ తెలియదన్నాం. నిజంగానే తెలియదు. దాన్నే అడిగితే, మిమ్మల్ని చూస్తూ ఉండటం తప్ప నేను చేసిందేమీ లేదంది. అదెలా జవాబవుతుందో వాళ్లకు అంతుపట్టలేదు, నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.

వసంతంలో మళ్లీ బయల్దేరాలి. కావాలంటే ఎంబ్లా బదులు కొత్త యంత్రబుద్ధిని ఇస్తామన్నారు ఓడ యజమానులు. మారెన్ అక్కర్లేదంది. బయల్దేరే ముందు సరుకులు సర్దుకుంటూ ఉండగా ఎంబ్లా తనంతట తానే ఒక మాట అంది. ఈసారి తుఫాను వస్తే ఏం వదిలేయాలో తను ఒక్కతే తేల్చుకోవడం కష్టంగా ఉందని, మేం ముగ్గురం ఏమేం మోయగలమో ఇప్పుడే చెబితే బాగుంటుందని.

ముగ్గురం బల్ల చుట్టూ కూర్చున్నాం. దారి నాది, చుక్కలు చూసి లెక్క కట్టడం నేర్చుకుంటానంది మారెన్. గాలి గొట్టాలు నావన్నాడు యౌని. నేను మందుల పెట్టె అనబోయాను. అదెలాగూ నీదేగా, ఇంకేదైనా చెప్పమన్నారు. చివరికి చేత్తో ఇంజిన్ ఆపడం నాకు అంటగట్టారు. యౌని రోజూ మధ్యాహ్నం నేర్పిస్తున్నాడు. నాకింకా పట్టుబడలేదు.