పడదమ్మకి పడనిది

ఆ ఇంట్లో ఏది పడుతుందో, ఏది పడదో చెప్పాల్సింది ఆడపడుచే. ఆవిడకి ఫ్యాను గాలి పడదు. కొత్త సబ్బు వాసన పడదు. చన్నీళ్ళు పడవు, వేన్నీళ్ళు కాస్త వేడెక్కితే అవీ పడవు. పక్కింటి రేడియో పడదు, ఆ రేడియో పెట్టే పక్కింటాయన అసలే పడడు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళి మాట ఎత్తితే అదీ పడదని తేల్చేసి, అన్నగారి కుట్టుకొట్టు వెనక గదిలో హాయిగా స్థిరపడిపోయింది. ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఏమో గానీ, పడదమ్మ అంటేనే ఇప్పుడు వీధిలో అందరికీ తెలుస్తుంది. ఆమె కూడా ఆ పేరుకి పలుకుతుంది. పోనీలే, పిలుపైనా పడింది అని వదిన నవ్వేది.

వదిన అంటే మాస్టరుగారి భార్య. గుడ్డ కోసేది ఆయన కాబట్టి ఆయన మాస్టరు. ఆవిడకి మాత్రం ఆడపడుచు పిలుపే పేరైపోయింది. రోజంతా "వదినా, వదినా" అని వెనక గదిలోంచి వినిపిస్తుంటే, బట్టలివ్వడానికొచ్చే ముసలివాళ్ళు కూడా వదినా అనే పిలిచేవాళ్ళు. మనిషి మంచిదే, నోరు కాస్త దురుసు, చెయ్యి మహా పొదుపు. గుడ్డపేలిక పారెయ్యాలన్నా ఆమెకి ప్రాణం ఒప్పదు. ఒకరి కోటులో మిగిలింది మరొకరి జేబుకి పనికొచ్చేది, ఆ జేబులో మిగిలింది ఇంకొకరి కాలరు లోపల దూరేది. ఊడిన గుండీలు, వంగిన హుక్కులు, సగం వాడిన దారపుండలు అన్నీ ఒక రేకు డబ్బాలో చేరేవి. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరికి అక్కరకొస్తాయని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే కొట్టు ఇన్నేళ్ళు నడిచింది చాలావరకు ఆ నమ్మకం మీదే.

మందు బిళ్ళలు కూడా ఆ డబ్బాలోనే చేరాయి. ఆ మధ్య వదినకి చిగురు వాచి దవడ ఇంత లావైతే, పళ్ళ డాక్టరు, పెన్సిలిన్ పడుతుంది కదా అని ముందుగా అడిగి, అమాక్సిసిలిన్ అని ఎరుపూ పసుపూ కలిసిన గొట్టం బిళ్ళలు రాశాడు. వాపు తగ్గిందని మధ్యలో మానెయ్యొద్దు, చివరిదాకా వాడాలి అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. వాపు తగ్గింది, ఆవిడ మానేసింది. నొప్పి లేనప్పుడు మందు మింగడం దండగ కాదూ? మిగిలినవాటిని అట్టలోంచి కత్తెరతో ముక్కలుగా కత్తిరించి, భద్రంగా గుండీల మధ్య దాచింది. మందు పేరున్న ముక్క ఊడ్పులో పోయింది.

ఒక పెద్ద హోటలు వాళ్ళు వడ్డించేవాళ్ళకని తెల్లకోట్లు కుట్టమన్నారు. కుట్టడం వదిన వంతు, కాజాలు పడదమ్మ వంతు. గుండీ దూరే కన్నం చుట్టూ దారంతో అంచు కట్టాలి కదా, ఆ కాజా కుట్టు చేత్తో ఆమె కుట్టినట్టు ఇంకెవరూ కుట్టలేరు. సాయంత్రానికి కోట్లన్నీ అప్పగించాలి. సరిగ్గా ఆ పొద్దునే పడదమ్మ కళ్ళెర్రగా చేసుకుని, మెడకి తువ్వాలు చుట్టుకుని వచ్చి కూర్చుంది. గొంతు పచ్చిపుండులా ఉందనీ, ఒళ్ళు కాలుతోందనీ, గుటక దిగడం లేదనీ, డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తాననీ చెప్పింది.

వదిన గుండె గుభేలుమంది, ఆడపడుచు జ్వరానికి కాదు, కోట్లకి. డాక్టరు దగ్గర కూర్చుంటే ఇక మధ్యాహ్నం గోవిందా. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి డబ్బా. నా చిగురుని తగ్గించింది దాని గొంతుని తగ్గించదా అనుకుంది. ఒకరికి మిగిలింది ఇంకొకరికి సరిపెట్టడం ఆమెకి పుట్టుకతో వచ్చిన విద్యలాంటిది. డబ్బా తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, అట్టముక్కలోంచి ఒక గొట్టం బిళ్ళ తీసి, గోరువెచ్చని నీళ్ళతో తెచ్చి చేతిలో పెట్టింది.

"ఏం బిళ్ళ వదినా?" అంది పడదమ్మ.

"జ్వరం బిళ్ళ."

"గొట్టంలా ఉందేంటి?"

"ఇప్పుడన్నీ ఇలాగే వస్తున్నాయి. మింగి పని చూడు, తల్లీ."

పడదమ్మ ఇంకేం అడగలేదు. వదిన ఇచ్చింది కదా అని మింగేసింది.

అబద్ధం ఎందుకాడింది? ఆ తర్వాత వదిన తనని తాను కొన్ని వందలసార్లు ప్రశ్నించుకుంది. అసలు పేరు చెబితే ఆవిడ అది నాకు పడుతుందో పడదో అని మొదలెడుతుంది, పని ఆగుతుంది, అంతే అనుకుంది. కానీ లోపల ఇంకో మాట ఉంది. తను కాపురానికొచ్చిన కొత్తలో, మిషను పక్కన కూర్చుని, ఆడపడుచు ఒక సంగతి చెప్పింది. చిన్నప్పుడు, అన్న పని నేర్చుకోవడానికి పొరుగూళ్ళో ఉన్న రోజుల్లో, పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి ఊపిరాడకుండా పోయిందట, బతికి బట్టకట్టడమే గొప్ప అన్నారట, ఆ మందు నాకు పడదు వదినా అంది. వదిన విని, అలాగే అని తలూపింది. ఊపి, ఆ సంగతిని తీసుకెళ్ళి ఫ్యాను గాలి పక్కన, పక్కింటి రేడియో పక్కన పడేసింది.

పడదమ్మ ఓ కోటు ఒళ్ళో వేసుకుని కాజాలు కుడుతూ, కాసేపటికి మోచేతులు గోక్కోవడం మొదలెట్టింది. తర్వాత మెడ. ఆ తర్వాత సూది ఆపి, "వదినా, నాకేదో పడలేదే" అంది.

"నీకేది పడింది గనక," అంది వదిన, మిషను మీంచి తలెత్తకుండానే.

తలెత్తింది దగ్గు విని. అది దగ్గు కాదు, ఊపిరి కోసం పెనుగులాట. పెదవులు ఉబ్బిపోయాయి, కళ్ళు పూడుకుపోయాయి, తెల్లకోటు నేల జారింది. వదిన పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. మాస్టరు కత్తెర వదిలేసి పరుగెత్తుకొచ్చి, చెల్లెల్ని చంటిపిల్లలా రెండు చేతుల మీదా ఎత్తుకుని, ఎదురొచ్చిన బండి ఆపి ఆసుపత్రికి చేర్చాడు.

అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు ముందు. తొడకి సూది వేశారు, ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. కాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. పడదమ్మ ఊపిరి గాడిన పడ్డాక, ఆమెకింకా మాట రావడం లేదని ఇంటివాళ్ళనే, ఏం తిన్నారు, ఏం మందులేసుకున్నారు అని వాకబు చేసింది.

నిజం వదిన నోటిదాకా వచ్చింది. పక్కనే మాస్టరు, కట్టుకున్నవాడు, చెల్లెలి చెప్పులు రెండూ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. దారిలో ఊడిపోతే ఎప్పుడు ఏరుకున్నాడో, వాటిని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేదాయనకి. ఆ చెప్పులు చూసేసరికి వదిన ఆ నిజాన్ని మింగేసింది.

"జ్వరం బిళ్ళ ఒకటి ఇచ్చానండీ," అంది.

జ్వరం బిళ్ళకి ఇంత అవడం అరుదే అని డాక్టరమ్మ కాస్త ఆశ్చర్యపోయి, అయినా రాసుకుంది. ఇంతకుముందు ఏ మందైనా పడకపోవడం ఉందా అని అడిగింది. మాస్టరు ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో, మా చెల్లికి పడనివి చెప్పాలంటే ఈ పూట చాలదండీ అన్నాడు. మందుల సంగతి అడుగుతున్నానంది డాక్టరమ్మ. ఆయన తెల్లమొహం వేసి భార్య వైపు చూశాడు. పెన్సిలిన్ అన్న మాట వదిన నాలిక మీదికి వచ్చింది. వచ్చిన మాట బయటికొస్తే దారం లాగితే కుట్టంతా ఊడినట్టు అసలు సంగతీ వెంటే వచ్చేస్తుంది. తెలియదండీ అనేసింది.

పడదమ్మని ఆ రాత్రికి అక్కడే ఉంచేశారు. చీకటి పడకముందే మాస్టరు భార్యని ఇంటికి పంపాడు. హోటలు మనిషి వచ్చి, కోట్లు కాలేదని తెలిసి నానా మాటలూ అని వెళ్ళాడు. ఏమన్నాడో ఆమె చెవికెక్కలేదు. నేల మీద తెల్లకోటు పడినచోటే పడి ఉంది. సగం కుట్టిన కాజాకి సూది ఇంకా వేలాడుతోంది. ఛీ, ఎంత పని చేశాను, ఈ గుడ్డల కోసం మనిషిని చంపబోయాను కదా అని ఆమె ఆ కోటు మీదే కూలబడి ఏడ్చింది. మొగుడికి రేపు చెబుతాను, ఇంటికి తెచ్చుకున్నాక చెబుతాను, నెమ్మదిగా చెబుతాను అని తనకి తానే వాయిదాలేసుకుంది.

మర్నాడు పొద్దున వదిన వెళ్ళేసరికి పడదమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం వాపు దిగింది, మాట మాత్రం గీరుకుపోయి వస్తోంది. గొంతులో చీము పొక్కులున్నాయనీ, దానికి మందు మొదలెట్టి ఇంటికి పంపేస్తామనీ నర్సు చెప్పింది. చెప్పి చిన్న గిన్నెలో బిళ్ళ పెట్టి, నీళ్ళ గ్లాసుతో సహా మంచం పక్కన ఉంచింది.

ఎరుపూ పసుపూ కలిసిన గొట్టం బిళ్ళ.

పడదమ్మ దాన్ని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నిన్నటి బిళ్ళే కదా," అంది బొంగురు గొంతుతో. "నాకు పడనిదే మళ్ళీ ఇస్తున్నారేంటి?"

నర్సు నవ్వి, నీకు పడనిది జ్వరం బిళ్ళ అని ఇక్కడ రాసుందమ్మా, ఇది వేరే, గొంతుకి అంది. మాస్టరుకైతే చెల్లెలు మళ్ళీ మామూలు మనిషైందన్న సంబరం పట్టలేకుండా ఉంది. మొదలెట్టావా తల్లీ, డాక్టర్లకంటే నీకే ఎక్కువ తెలుసు, మింగు అన్నాడు. పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది. పడదమ్మ ఎవరి మొహమూ చూడలేదు. వదిన మొహమే చూసింది.

"వాళ్ళకేం తెలుసు. నువ్వు చెప్పు వదినా. నిన్న నువ్విచ్చింది ఇదే కదా?"

కాదు అంటే చాలు. జ్వరం బిళ్ళ అలా ఉండదు, నువ్వు జ్వరంలో చూసుకోలేదు అంటే చాలు, అందరూ నమ్ముతారు. పడదమ్మ మాట ఎవరు నమ్మారు గనక. బిళ్ళ ఆమె పెదవుల దాకా వెళ్ళింది కూడా.

వదిన ఒక్క అడుగులో చేరి దాన్ని చేతిలోంచి లాగేసుకుంది. గ్లాసు తగిలి నీళ్ళన్నీ దుప్పటి మీద ఒలికాయి.

"ఇదే," అంది. "ఇదే ఇచ్చాను. జ్వరం బిళ్ళని అబద్ధం చెప్పాను. నా చిగురుకి రాసినవి, మిగిలితే దాచాను. అమాక్సిసిలిన్. మా ఆడపడుచుకి పెన్సిలిన్ పడదని నాకు తెలుసండీ. నాకు ఎప్పుడో చెప్పింది."

నర్సు ఉరుకులు పరుగుల మీద డాక్టరమ్మని తీసుకొచ్చింది. ఆవిడ ముందు రాసుకున్నది కొట్టేసి మళ్ళీ రాసింది. తర్వాత వదిన వైపు తిరిగి, అరవకుండానే, ఇది పెన్సిలిన్ జాతి మందేననీ, పేరు వేరైనా ఒంటికి ఒకటేననీ, ఇంకొకటి లోపలికి వెళ్ళి ఉంటే ఈసారి ఏమయ్యేదో చెప్పలేననీ అంది. మీకు రాసింది మీ ఒంటికి, మీరే చివరిదాకా వాడాల్సింది, ఇంకొకరికి పెట్టేది కాదు అంది. అన్నిటికంటే నిన్న నేనడిగినప్పుడు చెప్పకపోవడం తప్పు అంది. వదిన తల వంచుకుని అన్నిటికీ అవునండీ అంది. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదేమో.

డాక్టరమ్మ పడదమ్మకి పడే మందేదో వేరే రాసి వెళ్ళింది. ఆ మందు తెస్తానని మాస్టరు, చెల్లెలి భుజం మీద చెయ్యేసి, భార్య పక్కనుంచే ఆమె మొహం చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

వదిన తడిసిన దుప్పటి తీసి, పొడిది పరిచింది. మంచం పక్కన నిలబడింది. క్షమించమని అడగడానికి మొహం చెల్లలేదు.

"పడదు పడదంటుంటే మీరంతా నవ్వేవాళ్ళు," అంది పడదమ్మ, మాట మాటకీ ఆగుతూ. "నేనూ నవ్వేదాన్ని. మీరు నవ్వుతారనే కొన్ని అనేదాన్ని కూడా. ఆ సూది సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేదు వదినా."

"తెలుసు."

"ఇన్నేళ్ళలో లోకంలో ఉన్నవన్నీ నాకు పడవన్నాను. నువ్వు పడవని ఎప్పుడన్నా అన్నానా?"

వదిన కళ్ళు పైటతో తుడుచుకుని, బోర్లాపడిన గ్లాసు కడిగి, కూజాలోంచి నీళ్ళు పోసి అందించింది. పడదమ్మ అందుకుంది. దాహంగానే ఉంది పాపం, తాగింది. తాగే ముందు ఒక్కసారి గ్లాసులోకి చూసుకుంది.