ముప్పై దరువుల ఊపిరి

అచ్చంపేట నుంచి పానగల్ దాకా గొర్లకాపరుల వాడల్లో ఎవరిని కదిపినా ఒకే మాట చెప్పేవారు: ఒగ్గుకథ చెప్పే పర్వతాలు, కథ ముగింపులో ఎత్తుకునే రాగాన్ని ఒక్క ఊపిరిలో ముప్పై డోలు దరువుల సేపు నిలబెడతాడని. చిన్ననాడు మంద దగ్గర ఆదమరిచి నిద్రపోతుంటే దేవుడే వచ్చి అతని నోట్లో ఊపిరి ఊదిపోయాడట. చూసినవారు ఒక్కరూ లేరు, నమ్మనివారూ లేరు.

ఐలేశం ఆ మాటను పన్నెండేళ్లుగా వింటూ వచ్చాడు, ఏనాడూ కాదనలేదు. పర్వతాలుకు ఎడమపక్కన, అడుగు వెనక నిలబడి వంత పాడటం అతని పని. ఏ ఊరికి వెళ్లినా దండలు పర్వతాలు మెడలో పడేవి. వంతకూ డోలుకూ కలిపి జనం పెట్టిన పేరు ‘ఎనకోళ్లు’. ఐలేశం దానికీ నొచ్చుకోలేదు.

నొచ్చుకున్నది పందొమ్మిది వందల అరవై రెండు వేసవిలో. కొత్తకోటలో బీరప్ప పండుగ ముగిసిన మర్నాడు రేడియో వాళ్ల ఉత్తరం వచ్చింది. కథను రికార్డు చేస్తామనీ, వచ్చే కళాకారుల పేర్లన్నీ రాసి పంపమనీ అందులో ఉంది. చదివి వినిపించిన బడిపంతులు లింగయ్య కళ్లజోడు తీసి నవ్వాడు.

“గింతమంది ఎందుకు పర్వతాలూ? జనం వచ్చేది నీ ఊపిరికోసం. డోళ్లు, తాళాలు పట్నంల దొరకవా?”

పర్వతాలు మీసం సవరించుకున్నాడు. “నిజమే సార్. నా ఒక్కని పేరే రాయుండ్రి.”

జవాబు మధ్యాహ్నం బస్సుకు వెళ్లాలి. ఐలేశం బతిమాలదలచుకోలేదు, అలగదలచుకోనూ లేదు. తన పేరు ఆ కాగితం మీదికి ఎక్కాలి. అది ఎవరో దయతలచి ఎక్కించేది కాకూడదు. డోలు కొట్టే గాలయ్యతో కలిసి పర్వతాలు గొర్ల దొడ్డి వెనకకు చేరగానే అడ్డం నిలబడ్డాడు.

“బావా, ఉత్తరం పోకముందు ఒక్కపాలి ఆ రాగమెత్తు. నేను వంత పాడను.”

“ఏందిరా, అలిగినవా?”

“అలిగితే ఇంటికి పోదును. నువ్వు పాడు. గాలయ్య తాతా, డోలు మెల్లగ కొట్టు. దరువులు లెక్కవెట్టు.”

“ఆలుమగల లెక్క గీ లొల్లేందిరా మీకు!” అంటూనే ముసలి గాలయ్య డోలు ముందుకు జరుపుకున్నాడు.

కథ నడుస్తున్నప్పుడు ఆ డోలు పర్వతాలు చెవి పక్కనే హోరెత్తేది. అతని గొంతు సన్నబడే చోట ఐలేశం అదే శ్రుతిని అందుకునేవాడు. పర్వతాలు గాలి పీల్చుకుని మళ్లీ కలిసేవాడు. ఆ అతుకు జనానికి తెలియకూడదని మొదట్లో ఇద్దరూ కలిసే సాధన చేశారు. అది ఎంత చక్కగా కుదిరిందంటే, ఏళ్లు గడిచేసరికి పర్వతాలుకూ తెలియకుండా పోయింది. తాను పీల్చే గాలిని అతను మరిచాడు. దేవుడి ముచ్చట మాత్రం ఊరూరా చెవిన పడుతూనే ఉంది.

పర్వతాలు రాగమెత్తాడు. ఎనిమిది, తొమ్మిది, పది... పదకొండో దరువుకు గొంతు చీలిపోయింది.

“నిన్నంత కథ చెప్పిన కద. గొంతు అలసింది.”

“అట్లనే కావచ్చు. నీళ్లు తాగి మల్లెత్తు.”

మళ్లీ పదకొండే. కొంతసేపు కూర్చుని మూడోసారి ఎత్తితే పది. ఒకసారి తప్పితే అలసట అనుకోవచ్చు. మూడుసార్లూ దాదాపు అదే లెక్క రావడంతో అనుకోవడానికి పర్వతాలుకు ఏమీ మిగల్లేదు. ముఖం కందిపోయింది.

“నా ఇజ్జత్ తీద్దామనుకున్నవారా?”

“తియ్యాల్నంటే నిన్న అంతమందిల నోరు మూసుకుందును. ఈడ ముగ్గురమే ఉన్నం.”

గాలయ్య డోలు మీద అరచేయి ఆనించి ఉంచాడు. పర్వతాలు ఎవరినీ రమ్మనకుండా లేచి బడివైపు నడిచాడు. ఇద్దరూ వెనకే వెళ్లారు.

“సార్, ఇంకో రెండు పేర్లు ఎక్కియ్యుండ్రి. ఐలేశం, గాలయ్య.”

“ఎందుకయ్యా? నీ ఊపిరి చాలదా?”

“చాలది సార్.”

లింగయ్య అది వినయమనుకుని మెచ్చుకుంటూ రాశాడు. ఐలేశం మాత్రం బల్ల మీదికి వంగి, చదవడం రాకపోయినా, సిరా ఆరేదాకా పర్వతాలు పేరు కిందున్న తన పేరునే చూస్తూ నిలబడ్డాడు.

నెల తిరిగేసరికి కొత్తకోటలో ఊరి రేడియోలో ఆ రాగం ముప్పై దరువుల సేపు మోగింది. దేవుడి ఊపిరి గాలిలో ఇంత దూరం వచ్చిందని జనం చెంపలు వేసుకున్నారు. ఆ రాగంలో పర్వతాలు రెండుసార్లు గాలి పీల్చుకున్నాడు. ఆ రెండుచోట్లా వినబడింది ఐలేశం గొంతు.