ఎర్రగుడ్డ కర్ర

మరన్యావ్ తీరంలో ఇసుక దిబ్బల మీద జీపులు నడిపే మగవాళ్లకి ఇరనీల్డ అంటే ఒళ్లు మంట. మరి మండదా? మొగుడు రిబమార్ పోయి నెల తిరక్కుండానే అతని పాత జీపెక్కి, ఇసుకలో దిగబడకుండా టైర్లలో సగం గాలి తీసేసి, దిబ్బల అవతలి ఊళ్లకి బియ్యం బస్తాలు తోలడం మొదలుపెట్టింది. ఆమెకున్నదల్లా ఆ ఒక్క జీపే. అది మునిగిందా, ఆమె మునిగినట్టే.

"వదినా, స్టీరింగంటే గరిటె కాదు," అనేవాడు వాల్దెమీరో, పదిమందీ వినేలా. మూడు జీపుల ఆసామి. అందరూ విరగబడి నవ్వేవాళ్లు. నవ్వనిది అతని కొడుకు జైల్సన్ ఒక్కడే. ఆమె జీపు ఇసుకలో దిగబడితే చక్రాల కింద కొబ్బరాకులు వేసి, పిన్నీ పిన్నీ అంటూ తోసిపెట్టేవాడు.

అక్కడొక కట్టుబాటుంది. ఏరు సముద్రంలో కలిసే చోట గట్టి ఇసుక రోజుకో పక్కకి జరుగుతుంది. ఆటు వేళ మొదట దాటినవాడు కాలితో తడిమి చూసి, గట్టి చోట ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతాలి. వెనక వచ్చేవాళ్లు కళ్లు మూసుకుని దాని పక్కనుంచే దాటుతారు. కట్టుకున్నదాన్ని అనుమానించే మహానుభావులున్నారు గానీ, కర్రని అనుమానించినవాడు లేడు.

ఆ రోజు మొదట దాటింది వాల్దెమీరో. ముందురోజు వెళ్లి బస్తాలు దించి ఖాళీ బండితో తిరిగొస్తున్న ఇరనీల్డ ఒడ్డున ఆగింది. కర్ర ఉంది. చక్రాల జాడ మాత్రం లేదు, కొబ్బరాకుతో ఊడ్చినట్టుంది. ఆమె దిగి నీళ్లలో నడిచింది. కర్ర పక్కన నడుం దాకా దిగబడింది. అక్కడికి యాభై అడుగులు పక్కన నీళ్లు మోకాలి లోతే, ఇసుక బండలా ఉంది.

"నీ దుంప తెగ," అనుకుంది. ఆ గట్టి చోటునుంచే దాటింది. కర్రని ముట్టుకోలేదు.

అవతల బండి ఆపి, ఇంజనుకి నీళ్లు తగలకుండా కట్టిన పట్టా విప్పుతోంది. పోటు మొదలై ఆమె చక్రాల జాడని అల చెరిపేసింది. అంతలో ఆమె దాటొచ్చిన ఒడ్డున కొత్త జీపు, అందులో జైల్సన్. చెయ్యూపాడు. ఆమె ఒక్క చెయ్యి అడ్డంగా ఆడిస్తే చాలు, ఆగిపోయేవాడు. పాపం, వాడేం చేశాడు? కానీ అది వాల్దెమీరో కొత్త జీపు. ఆమె తల వంచుకుని పట్టా ముడి విప్పుతూ ఉండిపోయింది.

జీపు ముక్కు కిందికి దిగబడింది. ఇరనీల్డ పరుగున పోయి తాడు వేసి తన బండితో లాగింది, నిజంగానే లాగింది. ఇసుక వదల్లేదు.

ఇంజను రొద విని దిబ్బ మీదినుంచి వాల్దెమీరో వచ్చాడు, నవ్వుకుంటూ.

"ఏం వదినా, చేపలు పడ్డాయా?"

అప్పుడు చూశాడు, మునిగింది ఎవరి జీపో. నీళ్లలో పడి వెళ్లి కొడుకుని ఒడ్డుకి ఈడ్చి, చెంప ఛెళ్లుమనిపించాడు.

"నిన్ను దిబ్బల లోపలి దారిన రమ్మన్నాను కదరా."

"మడుగులు నిండిపోయాయి నాన్నా. అందుకే ఇటొచ్చా."

"దిగి తడిమి చూసుకోవద్దూ? కళ్లు పోయాయా?"

"కర్ర ఉంది కదా. దాన్ని అనుమానించకూడదని నేర్పింది నువ్వే."

జైల్సన్ చెంప పట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"నువ్వెటునుంచి దాటావు పిన్నీ?"

"కర్ర పక్కనుంచే నాయనా," అంది ఇరనీల్డ, తాడు చుట్టుకుంటూ.

వాల్దెమీరో ఆమెని చూశాడు. ఆమె అతన్ని చూసింది. నీళ్లు జీపు కిటికీల దాకా వచ్చేశాయి.

"అయితే తప్పు నాదే," అన్నాడు జైల్సన్.

తండ్రి కాదనలేదు. ఆమె కూడా కాదనలేదు.