వీపు మీద బుట్ట

లోంకిమాయ్ కొండవాలు మీద సుయాయ్ మళ్ళీ వెల్లకిలా పడింది. మంచు మెడలోంచి వీపులోకి జారింది.

ఆ ఊరి పిల్లలందరూ నడక వచ్చినప్పటి నుంచీ యూరియా సంచుల మీద జారినవాళ్ళే. సంచి మీదైతే వెనక్కి వాలి, కాళ్ళు పైకెత్తి కూర్చోవాలి. స్నోబోర్డు మీద అలా వాలితే ముందు కొస లేచిపోతుంది, మలుపు తిరగదు.

బడి పిల్లల శిక్షణకు అదే ఆఖరి రోజు. చిన్న వాలు మీంచి పడకుండా దిగి, ఎర్ర తాడు దగ్గర ఆగినవాళ్ళనే కుర్చీ లిఫ్టులో పైకి తీసుకెళ్తారు. పైన గట్టు మీద అమ్మమ్మ చిన్నప్పుడు తినే గింజలు ఏరిన, ముళ్ళాకుల పెవెన్ చెట్లున్నాయి. మోకాళ్ళు పాడయ్యాక ఆవిడ అక్కడికి వెళ్ళలేదు. "నేను చూసొచ్చి చెప్తాలే" అని సుయాయ్ మాటిచ్చింది.

"ఏమే, సంచి తెచ్చిమ్మంటావా?" అన్నాడు పిన్ని కొడుకు నవెల్.

"నోర్ముయ్యరా! నిన్న కంచెకి గుద్దుకుంది ఎవరో?"

"గుద్దుకున్నా తర్వాత ఆగానుగా!"

"చాలు, ఇద్దరూ ఆపండి" అంది హిమేనా టీచర్. "సుయాయ్, నువ్వింకా సంచి మీదే ఉన్నావమ్మా. బరువు ముందుకాలి మీద వెయ్యి. చూపు వెళ్ళే వైపు పెట్టు."

"వేస్తున్నా టీచర్. ఒళ్ళే వినట్లేదు."

"ఇంకొక్కసారికే టైముంది."

బోర్డు చంకన పెట్టుకుని ఎక్కుతుంటే ఆకురాలే కాలం గుర్తొచ్చింది. ఊరి పక్క గుట్ట మీంచి వీపున గింజల బుట్టతో దిగేటప్పుడు వెనక్కి వాలితే అంతే సంగతులు. మోకాళ్ళు వంచి, ఛాతీ ముందుకు పెట్టి దిగాలి. "బుట్ట మాట వినకే, దారి మాట విను" అనేది అమ్మమ్మ.

సుయాయ్ పట్టీలు బిగించుకుంది. వీపు మీద బుట్ట ఉందనుకుంది. నిండు బుట్ట.

బోర్డు కదిలింది. మోకాళ్ళు వాటంతటవే వంగాయి. ఎడమవైపు చెట్టును చూసింది. బోర్డు అటే తిరిగింది. మధ్యలో ఒళ్ళు తూలింది. "బుట్ట, బుట్ట" అని గొణుక్కుంది. మళ్ళీ తిరిగింది. మంచు చిమ్ముకుంటూ తాడుకు బెత్తెడు దూరంలో నిలబడిపోయింది.

వాలు కింద తన బండి దగ్గర అమ్మమ్మ గుమ్మడికాయ కలిపిన పిండితో సోపైపియాలనే అప్పాలు వేయిస్తోంది.

"అవ్వా, మాడిపోతున్నాయ్!" అన్నాడు కొనడానికి వచ్చినాయన.

"మాడనీ నాయనా. అదిగో, అది నా మనవరాలు!"

లిఫ్టులో గట్టు మీదికి వెళ్ళి వచ్చిన సుయాయ్, అక్కడ గాలికి రాలిన పెవెన్ రెమ్మను అమ్మమ్మ చేతిలో పెట్టింది.

"నీ చెట్లు గట్టిగానే ఉన్నాయే అమ్మమ్మా."

ఆవిడ ఆ ముళ్ళ రెమ్మను బొటనవేలితో నిమిరింది. "అంత చక్కగా ఎట్లా దిగావే?"

"బుట్ట మోస్తున్నాననుకున్నా."

అమ్మమ్మ రెమ్మను బండి ముందు, వచ్చేపోయేవాళ్ళకు కనబడేలా గుచ్చింది. మంచి సోపైపియాలు మనవరాలికి పెట్టింది. మాడినవి నవెల్‌కి.