నూకాలమ్మ తోడు

చెవి వెనకాల సఫేదా ఇంకా పోనేలేదు, గోరుతో గీకితే పొరలు పొరలుగా వస్తోంది, నిన్న పుట్టినరోజు పండక్కి వేషం కోసం మొహాన పూసుకున్న తెలుపు ఇవాళ టీ కొట్టు బల్ల మీద కూచున్నా నన్ను వదల్లేదు, దాసు గ్లాసు నా ముందు పెట్టి ఏటి పరదేశీ, మొహం అలాగెట్టేవు, ఓ కోత కొయ్యవోయ్, పొద్దున్నించీ బేరం లేదు అంటన్నాడు, వీడి టీలో పంచదార తక్కువ, ఆ తక్కువంతా నా కోతలతోనే సరిపెడతాడు, నేను పులి కథ ఎత్తుకుంటే అనకాపల్లి బస్సుకొచ్చినవాళ్ళు బస్సు పోనిచ్చి ఇక్కడే కూచుంటారు, అది మాడుగుల హల్వా తిన్న పులి, పైపళ్ళూ కిందిపళ్ళూ అతుక్కుపోయి, నోరు పెగలక, దారిలో మేకలకి దండాలు పెట్టుకుంటూ ఏజెన్సీ కొండలు దిగి నా గుమ్మంలోకొచ్చింది, ఒక్క హాస్యం చెప్పేను, ఫక్కున నవ్వింది, దవడలు టప్పున విడిపోయేయి, నూకాలమ్మ తోడు, అబద్ధమైతే నా నాలిక ఊడిపోద్ది, అంటాను చివర్న, ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు పులి వచ్చిందా అని అడగలేదు, హల్వాలో జీడిపప్పు ఉందా అని అడిగేరు, పులిని నమ్మేరు, గుంటణ్ణి నమ్మలేదు.

గణపతిరావుగారి కొడుకు పెదబాబు, ఆ గుంటడికి నిన్నటికి ఏడేళ్ళు నిండేయి, మాట లేదు, ఎవరి మొహమూ చూడడు, పిలిస్తే పలకడు, చెవుడా అంటే కాదు, గోడ అవతల దూడ మెళ్ళో గంట కదిల్తే చెవులు మూసుకుంటాడు, పొద్దస్తమానం చెంబు గిర్రున తిప్పుకుంటూ కూచుంటాడు, వాడి జబ్బుకి పేరు పెట్టినవాడు లేడు, వెర్రన్నవాళ్ళున్నారు, గాలన్నవాళ్ళున్నారు, నాయనమ్మ అచ్చియ్యమ్మగారు మాత్రం దెయ్యమని తేల్చేసింది, మాడుగుల అవతల ఓ గురువున్నాడట, ఇత్తడి కడ్డీ ఎర్రగా కాల్చి వీపు మీద వాతలు పెడితే దిగిపోద్దట, వాడి తల్లి కనకమ్మ అత్తగారి కాళ్ళట్టుకుందట, అత్తా, పుట్టినరోజు దాకా ఆగండి, ఆవేళ నా బిడ్డ నలుగుర్లో ఒక్కసారి నవ్వితే ఇంక ఆ వూసెత్తకండి అని, ముసలావిడ సరేనంది, నవ్వితే మనవడు, నవ్వకపోతే దెయ్యం, అంతే, ఏడేళ్ళ వీపుకి పందెం కాసి నన్ను పిలిచేరు, గణపతిరావుగారు విశాఖపట్నంలో ఎవరో దొర ఇంట్లో పుట్టినరోజుకి బఫూన్ని ఆడించడం చూసొచ్చేరు మరి, చోడవరంలో బఫూనంటే ఎవడు, నాటకాల్లో ముక్కుకి ఎర్రరంగేసుకుని రాజు పంచె ఊడలాగే పరదేశిగాడే, ఒరే, మావాణ్ణి నవ్విస్తావురా అన్నారు, రావికమతంలో శవాన్ని నవ్వించేను బాబూ, అది నవ్వలేక నవ్వలేక మళ్ళీ చచ్చిపోయింది, నూకాలమ్మ తోడు అన్నాను, ఆయన పొట్ట పట్టుకుని నవ్వేరు, స్తంభం పక్కనున్న కనకమ్మ నవ్వలేదు, నేను నిజంగా శవాన్ని నవ్వించేనేమో అన్నట్టు ఆశగా చూసింది, ఆ చూపు నా ముక్కురంగు కంటే ఎర్రగా ఉంది, అది చూసైనా నోరు మూసుకోవాల్సింది, మూసుకున్నానా.

కాళ్ళకి గజ్జెలు, నెత్తిన కాగితం టోపీ, చేతిలో పగిలిన డప్పు, పందిట్లోకి పిల్లిమొగ్గేసుకుంటూ వెళ్ళేను, పిలుపుకొచ్చిన పిల్లలు విరగబడి నవ్వేరు, పెద్దలు పంచెల కొంగులు నోట్లో కుక్కుకున్నారు, పెదబాబు చెవులు మూసుకుని గోడ మూలకి పోయేడు, నేనేం చేసేను, గజ్జెలు ఇంకా గట్టిగా కొట్టేను, నాకొచ్చిన విద్య అదొక్కటే, ఎవడైనా నవ్వకపోతే ఇంకో అరుపు, ఇంకో మొగ్గ, వాడి మొహంలో మొహం పెట్టి నాలిక బయటపెట్టేను, వాడు తల గోడకేసి కొట్టుకున్నాడు, నిక్కరు తడిసిపోయింది, చుట్టాలు దానికీ నవ్వేరు, అచ్చియ్యమ్మగారు సూసేరా, గజ్జెల మోతకి లోపలిది బెదిరింది, రేపే బండి కట్టించండి అంది, మేళం ఆగింది, వడ్డన మొదలైంది, నేను నూతి దగ్గరికి పోయి గజ్జెలిప్పి కొబ్బరిచిప్పలో నూనెతో రంగు తుడుచుకుంటన్నాను, సగం తెలుపు దిగింది, చిప్ప ఖాళీ అయింది, ఏడుపొస్తంటే చేతులకి ఏదో పని కావాలి, ఊరికే తడి చప్టా మీద చిప్పని తిప్పేను, తిరిగింది, తూగింది, ఆగింది, వెనకాల కడవలోకి నీళ్ళు దిగుతున్నట్టు గుడగుడమని చప్పుడు, తిరిగి చూస్తే పెదబాబు గొంతుక్కూచుని ఉన్నాడు, నావేపు కాదు, చిప్పవేపు చూస్తన్నాడు, నవ్వుతున్నాడు, మళ్ళీ తిప్పేను, తిరిగినంతసేపూ ఊపిరి బిగబట్టేడు, ఆగీ ఆగగానే నవ్వేడు, తిరగడం కాదు వాడికి నవ్వు, ఆగడం, జన్మంతా గెంతి నవ్వించినవాణ్ణి నేను, నేను ఆగితే నవ్వేవాడొకడు ఉంటాడని ఎవరు చెప్పేరు నాకు.

అక్కడే కూచుని ఉండాల్సింది, సగం రంగు మొహంతో పందిట్లోకి పరిగెట్టేను, బాబుగారూ, నవ్వేడండీ, కొబ్బరిచిప్ప ఆగితే పెదబాబు నవ్వేడండీ, నూకాలమ్మ తోడు అన్నాను, విస్తళ్ళ ముందు కూచున్నవాళ్ళకి పొలమారిపోయింది, ఒరే పరదేశీ, పులి కంటే ఇదే బావుందిరా అన్నారు గణపతిరావుగారు కళ్ళు తుడుచుకుంటూ, అయినా నూతి దగ్గరికి వచ్చేరు, అందరూ వచ్చేరు, వాడి నెత్తి మీద అన్ని తలకాయలు వంగేయి, చిప్ప తిప్పేను, వాడు చెవులు మూసుకుని కళ్ళు కూడా మూసుకున్నాడు, సూసేరా అంది ముసలావిడ, కనకమ్మ చిప్పని తీసి కొంగున ముడేసుకుంది, ఎందుకో.

అదిగో గణపతిరావుగారి గూడుబండి, మాడుగుల వేపే పోతంది అంటన్నాడు దాసు, గ్లాసు ఎక్కడ పెట్టేనో తెలీదు, రోడ్డుకి అడ్డంపడి కాడి పట్టుకున్నాను, ఎడ్లు ఆగేయి, ముందు కూచున్న అచ్చియ్యమ్మగారు తప్పుకోరా కోతలోడా అంది, అమ్మా, ఆ గుంటడు నవ్వేడు, నా కళ్ళతో చూసేను, వాత పెట్టించకండి అన్నాను, గూట్లోంచి కనకమ్మ తల బయటపెట్టింది, రాత్రంతా ఏడ్చిన మొహం, పరదేశీ, నిజం సెప్పు, ఏషాలొద్దు, నా బిడ్డ నవ్వేడా అంది, ఒక్క మాట కావాలి నాకు, ఇన్నాళ్ళూ వాడని మాట, బరువున్న మాట ఒక్కటి, నోరంతా వెతికేను, నవ్వేడమ్మా, నూకాలమ్మ తోడు, అబద్ధమైతే నా నాలిక, అనేసరికి వెనకనించి దాసూ బస్సుకొచ్చినవాళ్ళూ ఒక్క గొంతుతో ఊడిపోద్దీ అన్నారు, రోడ్డంతా నవ్వింది, బండివాడు నవ్వేడు, కనకమ్మ మూతి కూడా వంకరపోయింది, వెంటనే పమిట అడ్డం పెట్టుకుంది, అప్పుడు చూసేను, బండి వెనకవేపు కాళ్ళు వేలాడేసుకుని పెదబాబు వంగి చక్రం వేపు చూస్తన్నాడు, ఆగిన చక్రం, భుజాలు ఎగిరిపోతున్నాయి, నవ్వుతున్నాడు, అదిగో సూడండమ్మా, అదిగో, అని నేను గెంతుతూ చెయ్యి చూపిస్తే నా గెంతు చూసి ఇంకా నవ్వేరు, వాళ్ళ నవ్వుల్లో వాడి నవ్వు ఎవరికీ వినపడలేదు, బండివాడు ఎద్దు తోక మెలిపెట్టేడు, చక్రం కదిలింది, వాడు ఊపిరి బిగబట్టేడు, ఇంక ఆ చక్రం గురువు వాకిట్లోనే ఆగుద్ది, ఆగితే వాడు నవ్వుతాడు, అప్పుడు అందరూ చూస్తారు, దెయ్యం నవ్వుతోందంటారు.

దాసు భుజం మీద చెయ్యేసి అదిరిపోయిందోయ్, కూకో, ఇంకోటి కొయ్యి, టీ నా మీద అంటన్నాడు, దుమ్ములో బండి కనపడ్డం లేదు, కాదురా, ఇది నిజంరా, నూకాలమ్మ, అనబోయి పళ్ళు బిగించుకున్నాను, పైవీ కిందివీ అతుక్కుపోయినట్టే ఉన్నాయి, గుంటడి కోసం దాచాల్సిన ఒట్టుని నా పులి ఎప్పుడో తినేసింది.