మూత తీసిన కంప్యూటర్

ఆదివారం ఆటోనగర్‌లో పని తక్కువ. సబీహా పొద్దున్నే షెడ్డు ఊడ్చి, బల్ల తుడిచి, కంప్యూటర్‌ని లారీ తాడుతో బల్లకాలికి కట్టేది. కట్టకపోతే లేచిపోయి ఫ్యానుకు తగిలేది. మూత తీసి ఉన్నంతసేపూ అది గాల్లోనే ఉండేది. కొత్తగా ఎవరైనా దాని లోగుట్టు నేర్చుకుంటే ఇంకో రెండు వేళ్ల ఎత్తు లేచేది.

తొంభై ఆరు నాటి మాట. పాత బోర్డులు ఏరి ఆ పెట్టెను చేసింది సబీహా. తెలుగు అక్షరాలు అచ్చువేసే ప్రోగ్రాం రాసిందీ ఆమే. ఫ్లాపీ తెచ్చుకున్న ప్రతివాడికీ ఊరికే ఎక్కించి ఇచ్చేది. ఆటోనగర్‌లో బానెట్ ఎత్తి ఉంటే దారిన పోయేవాడు కూడా తల దూర్చి ఓ సలహా పారేస్తాడు. కంప్యూటర్‌కీ అదే మర్యాద. వెల్డర్లు, టైపిస్టులు, అందరి తలలూ అందులోనే.

అన్న నాసిర్‌కి అదే కడుపుమంట. షెడ్డు అతనిది. పదిహేనేళ్లు లారీల కింద పడుకుని గ్రీజు మింగినవాడు. ఒక్కసారైనా అద్దాల షాపులో కుర్చీ మీద కూర్చోవాలని కోరిక. తప్పా? చేతులు పగిలినవాడికే తెలుస్తుంది ఆ కుర్చీ విలువ.

వెంకటసుబ్బారావు అనే వ్యాపారి వచ్చి ఆ కుర్చీ చూపించాడు.

"కంపెనీ మీ పేరునే పెడదాం నాసిర్ గారూ. పెట్టెకి సీలు, ప్రోగ్రాంకి తాళం. రిపేరొస్తే మన షాపుకే రావాలి. ఈ ఆదివారం సంత మాత్రం బందు."

"నేర్చుకునేవాళ్లని తరిమేస్తావా భయ్యా?" అంది సబీహా.

"ఊరందరికీ పంచుతూ కూర్చో," అన్నాడు నాసిర్. "రేపు నీ సమాధి మీద పూలకి బదులు ఫ్లాపీలు పెడతారు."

"పెట్టనీ. వాటినీ ఎవరో కాపీ చేసుకుంటారు."

నాసిర్ మూత వేసి మరలు బిగించాడు. పెట్టె దిగింది. దాని బరువుకి బల్లకాళ్లు సిమెంటులోకి దిగాయి. దాన్ని షాపుకి తీసుకెళ్లే వ్యానులోకి ఎక్కించడానికి వచ్చిన నలుగురు హమాలీలు కదిలించలేకపోయారు.

"పక్క షెడ్డులో క్రేను ఉందిగా, పిలవండి," అన్నాడు వెంకటసుబ్బారావు వ్యానులో కూర్చుని.

ఈలోగా తెరేసమ్మ వచ్చింది. కంకిపాడులో చర్చి పాటలు, శుభలేఖలు అచ్చువేస్తుంది. ఈ షెడ్డులో చూసే సొంతంగా ఓ కంప్యూటర్ చేసుకుంది. దాని బోర్డును పసిబిడ్డలా తువ్వాల్లో చుట్టి తెచ్చింది.

"పొద్దుట్నుంచీ వెలగటం లేదు నాసిరూ. రేపు పెళ్లివారొస్తారు."

"షాపుకి రమ్మనండి," వ్యానులోంచి కేక.

నాసిర్ అదే అనబోయాడు.

"బాగుచేసి ఇవ్వక్కర్లేదయ్యా," అంది తెరేసమ్మ. "ఎక్కడ పోయిందో చూపించు చాలు. నేనే చేసుకుంటా."

పదిహేనేళ్లలో ఏ లారీ ఓనరూ అతన్ని ఆ మాట అడగలేదు. నాసిర్ ఆమె వేళ్ల మీద కాలిన మచ్చలు చూశాడు. తన చేతులు చూసుకున్నాడు. మరలు విప్పాడు.

"ఇదిగో పిన్నీ, మా పెట్టెలో చూడు. కరెంటు ఇట్నుంచి వస్తుంది. నీ బోర్డులో ఇక్కడ అతుకు వదిలింది..."

చెల్లెలి భుజం మీంచి చూసి నేర్చుకున్నదంతా తడబడుతూ మొదలైంది, తర్వాత కాలవ నీళ్లలా పారింది. హమాలీలు దగ్గరికొచ్చారు. క్రేను డ్రైవరు ఇంజను ఆపేసి తల దూర్చాడు. పెట్టె లేచింది. ఎన్నడూ లేవనంత ఎత్తుకు. అందరి ముఖాలూ దానితోపాటే పైకి లేచాయి. వ్యాను హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.

నాసిర్ చెబుతూనే ఉన్నాడు. అతని పాదాలు నేలకి మూరెడు పైన ఉన్నాయి. చెప్పులు మాత్రం కిందే ఉండిపోయాయి. అడ్డంగా ఉన్నాయని ఓ హమాలీ వాటిని తీసి గోడపక్కన పెట్టాడు.